తలుపు గడియకు వేలాడే సీసా: పచ్చి పాల ఇంటి సరఫరాపై ఆరు నెలల అనుభవం

హైదరాబాదు శివార్లలోని ఒక గేదెల ఫారం నుంచి గాజు సీసాల్లో పచ్చి పాలు తెప్పించుకోవడం మేము సంక్రాంతి వెళ్లిన వారంలో మొదలుపెట్టాము. లీటరు 120 రూపాయలు, చందా నెల ముందుగానే కట్టాలి, ఖాళీ సీసా కడిగి మరునాడు సంచిలో పెట్టాలి. ఆరు నెలలు వాడిన తర్వాత రాస్తున్న ఈ సమీక్షలో పాల రుచి గురించి చెప్పవలసింది తక్కువ, ఎందుకంటే ఆ విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. కాచి చల్లార్చిన గిన్నెలో మీగడ అంచు పట్టి ఎత్తితే అప్పడంలా మొత్తం లేచి వస్తుంది. రాత్రి తోడు వేస్తే తెల్లవారేసరికి పెరుగు గరిటెకు ముక్కలుగా తెగుతుంది. నీళ్లు కలిపారన్న అనుమానం ఒక్కరోజు కూడా రాలేదు. నేను చెప్పదలచుకున్నదంతా ఆ సీసా మా గుమ్మానికి చేరిన తర్వాత, మేము తలుపు తీసేలోగా గడిచే సమయం గురించి.

పాలబ్బాయి ఐదుంపావుకు వచ్చి గుడ్డ సంచిని తలుపు గడియకు తగిలించి వెళ్తాడు. మా ఇంట్లో లేచేది ఏడింటికి. చలికాలంలో దీన్ని ఎవరమూ పట్టించుకోలేదు గానీ, మార్చి చివర్లో ఒక పొద్దున సీసా చేతికి చల్లగా తగలకపోవడంతో వంటింట్లో వాడే థర్మామీటరు ఒకటి కొని రోజూ చూడటం మొదలుపెట్టాను. అబ్బాయి రాగానే తీసుకున్న రోజు పాలు 8 డిగ్రీలు ఉన్నాయి, ఏడింటిదాకా సంచిలో ఉంచిన రోజు 17 డిగ్రీలకు చేరాయి. దారిలో బండి చెడిపోయి ఆలస్యంగా వచ్చిన ఒక రోజు మాత్రం గుమ్మం దగ్గరకు వచ్చేటప్పటికే 15 డిగ్రీలున్నాయి. పితకగానే 4 డిగ్రీలకు చల్లబరుస్తామని ఫారం వాళ్లు చెప్పేది నిజమేనని నేను నమ్ముతున్నాను. ఆ చల్లదనాన్ని మా గుమ్మం దాకా నిలబెట్టే ఏర్పాటు మాత్రం వాళ్ల దగ్గర అప్పటికి లేదు.

మే నెలలో ఊరి నుంచి వస్తుంటే రైలు ఆలస్యమై మేము ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర అయింది. ఆ రోజుకు పాలు వద్దని చెప్పడం మరిచిపోయాను. సీసాలో పాలు 26 డిగ్రీలున్నాయి. వాసన బాగానే ఉంది. అత్తయ్యగారు “ముందు కాచి చూడమ్మా, విరిగితే పారబోద్దాం, విరక్కపోతే వాడుకుందాం” అన్నారు. మన ఇళ్లలో తరతరాలుగా ఉన్న పరీక్ష అదే కాబట్టి నేనూ కాచాను. పాలు విరగలేదు, చక్కగా పొంగాయి. ఆవిడ పాపకు గ్లాసులో పోయబోతుంటే నేను వద్దన్నాను. “విరగలేదు కదా, ఇంకేం భయం?” అని ఆవిడ అడిగిన ప్రశ్నకు ఆ పూట నా దగ్గర సరైన జవాబు లేదు.

జవాబు మా మేనమామ దగ్గర దొరికింది. ఆయన ఒక సహకార డెయిరీ ప్రయోగశాలలో ఏళ్ల తరబడి పనిచేసి రిటైరయ్యారు. నా సందేహం విని, పరీక్ష నాళికలు, మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు ద్రావణం తీసుకుని ఒక ఆదివారం మా ఇంటికి వచ్చారు. ఆ పొద్దున వచ్చిన రెండు సీసాల్లో ఒకదాన్ని ఐదుంపావుకే ఫ్రిజ్‌లో పెట్టాను, రెండోదాన్ని కావాలనే తొమ్మిదిన్నరదాకా గడియకే వదిలేశాను. రెండింటి నుంచీ 10 మిల్లీలీటర్ల చొప్పున పాలు తీసి, ఒక్కో మిల్లీలీటరు రంగు కలిపి, 37 డిగ్రీల నీళ్లున్న గిన్నెలో నిలబెట్టారు. పాలలోని సూక్ష్మజీవులు ప్రాణవాయువును వాడేసుకునేకొద్దీ ఆ నీలం వెలిసిపోతుంది, అది ఎంత తొందరగా వెలిస్తే పాలలో జీవులు అంత ఎక్కువున్నట్టు. గడియకు వేలాడిన సీసాలోని పాలు రెండు గంటలు దాటగానే తెల్లబడిపోయాయి, ఫ్రిజ్‌లో పెట్టినవి ఐదు గంటలు గడిచినా లేత నీలంగానే ఉన్నాయి. డెయిరీ లెక్కలో ఐదు గంటలు నిలిస్తే చాలా మంచి పాలు, అరగంటలోపే వెలిస్తే పనికిరాని పాలు. రెండు సీసాల్లో మిగిలిన పాలనూ వేరువేరుగా కాచాము. ఏదీ విరగలేదు. ఒకే గేదెల పాలు, ఒకే పొద్దున వచ్చినవి, కాచితే ఒకేలా పొంగినవి, లోపల మాత్రం అంత తేడాతో ఉన్నాయి.

పాలు కాచినప్పుడు విరగాలంటే వాటిలో పులుపు బాగా పెరగాలి. తాజా పాలలో ఆమ్లం సుమారు 0.14 శాతం ఉంటుంది, 0.2 శాతం దాటితే గానీ పొయ్యి మీద విరగవు. అంత పులుపు పుట్టించేవి పెరుగు జాతి సూక్ష్మజీవులు. జబ్బు చేసేవాటికి పాలను పులియబెట్టవలసిన అవసరం లేదు, అవి వాసనా రుచీ మార్చకుండానే పెరగగలవు. పైగా విరగకుండా సోడా కలిపే వ్యాపారులు ఎప్పటి నుంచో ఉన్నారు కాబట్టి (ఈ ఫారం వాళ్ల గురించి నేను ఆ మాట అనడం లేదు) ఆ పరీక్షను ఒక్కదాన్నే నమ్ముకోలేము. పితికిన పాలలో సహజమైన రక్షణ కొంత ఉంటుందన్నది నిజమే గానీ, మన వాతావరణపు వేడిలో దాని బలం రెండు మూడు గంటలకు మించదు. ఆ తర్వాత సూక్ష్మజీవులు అరగంటకోసారి రెట్టింపైనా నాలుగు గంటల్లో 250 రెట్లు దాటిపోతాయి.

ఎలాగూ కాస్తాము కదా అనే ధైర్యం సగమే నిజం. కాచితే సూక్ష్మజీవులు చాలావరకు చస్తాయి, కానీ పొదుగువాపు ఉన్న గేదె నుంచో, పితికేవారి చేతి పుండు నుంచో పాలలోకి చేరే స్టెఫైలోకాకస్ అనే జీవి బాగా పెరిగితే విషం విడుదల చేస్తుంది. ఆ విషం మరిగించినా పోదు, తాగిన కొద్ది గంటల్లోనే వాంతులు పట్టుకుంటాయి. అందుకే పాలు బయట ఎన్ని గంటలున్నాయి, ఎంత వేడిలో ఉన్నాయి అన్నవి కాచడానికి ముందే అడగవలసిన ప్రశ్నలు. పాడయ్యే ఆహారాన్ని చల్లదనం లేకుండా రెండు గంటలకు మించి ఉంచవద్దని, చుట్టూ వేడి 32 డిగ్రీలు దాటితే ఒక గంటే గడువని అమెరికా ఆహార ఔషధ సంస్థ చెబుతుంది. మా ఇంట్లో ఇప్పుడు అదే లెక్క. గంటా ముప్పావు సంచిలో ఉండి 17 డిగ్రీలకు వచ్చిన పాలను వెంటనే కాచి వాడుకుంటాను. 26 డిగ్రీలకు వచ్చిన పాలను పారబోస్తాను. విరిగిన పాలలో బెల్లం వేసి ఉడికించి పిల్లలకు పెట్టే అలవాటును కూడా, అవి బయట ఉండి విరిగినవైతే, మానేశాము.

ఫ్రిజ్ లేని రోజుల్లో మన పెద్దలు పాలు వాడలేదా అని చాలామంది అడుగుతారు. గుంటూరు జిల్లాలోని మా అమ్మమ్మ ఇంట్లో నేను చూసిందే చెబుతాను. పొద్దున ఐదింటికి పితికిన పాలు ఆరు కాకుండానే కుండలో పోసి దాలిలో పిడకల సెగ మీదికి చేరేవి. మధ్యాహ్నందాకా అవి అక్కడే సన్నగా కాగుతూ, ఎర్రబడి, రొట్టెలాంటి మీగడ కట్టేవి, సాయంత్రానికి తోడు పడేది. అంటే ఆ ఇంట్లో పచ్చి పాలు పచ్చిగా ఉన్నది ఒక గంట కూడా కాదు, మిగిలిన సమయమంతా అవి వేడి మీద ఉండేవి, లేదా పెరుగుగా మారుతూ ఉండేవి. గుమ్మపాలు తాగినవాళ్లు కూడా పొదుగు దగ్గరే తాగారు గానీ సీసాలో నాలుగు గంటలు నిలవబెట్టి తాగలేదు.

గుమ్మపాలైనా పూర్తిగా క్షేమమని నేను అనను. పశువులు ఈసుకుపోవడానికి, అంటే గర్భం జారిపోవడానికి, కారణమయ్యే బ్రూసెల్లా అనే సూక్ష్మజీవి, పశువుల క్షయ రెండూ పచ్చి పాల ద్వారా మనుషులకు వస్తాయి. బ్రూసెల్లా సోకితే జ్వరం వారాల తరబడి వస్తూ పోతూ, కీళ్ల నొప్పులతో మనిషిని కుంగదీస్తుంది. ఈ సేవలో నాకు అన్నిటికన్నా అభ్యంతరకరంగా తోచింది మొదటి సీసాతో ఇచ్చిన కరపత్రం. కాస్తే పోషకాలు పోతాయి కాబట్టి పచ్చిగానే తాగవచ్చని అందులో రాశారు. కాచడం వల్ల తగ్గేది ముఖ్యంగా సి, బి1 వంటి విటమిన్లలో కొంత భాగం, మనం పాలు తాగేది వేటి కోసమో ఆ మాంసకృత్తులూ కాల్షియమూ అలాగే ఉంటాయి. చిన్నపిల్లలు, గర్భిణులు ఉన్న ఇళ్లకు పంపే కాగితంలో అలాంటి మాట ఉండకూడదు. ఆ వాక్యం తీసేయమని రెండుసార్లు రాశాను. జూన్‌లో వచ్చిన కొత్త కరపత్రంలో అది లేదు, అందుకు వాళ్లను మెచ్చుకోవాలి.

సంచి విషయంలోనూ కదలిక వచ్చింది. మొదట ఫోన్ చేసినప్పుడు “మేడమ్, పచ్చి పాలలో మంచి బ్యాక్టీరియా ఉంటుంది, ఏం కాదండీ” అన్నారు. నేను థర్మామీటరు ఫోటోలు పంపిన తర్వాత 150 రూపాయల డిపాజిట్ మీద, లోపల ఐస్ ప్యాక్ పెట్టిన మందపాటి సంచి ఇవ్వడం మొదలుపెట్టారు. జూన్‌లో అందులో ఏడింటిదాకా ఉన్న సీసా 11 డిగ్రీలకు మించలేదు. ఈ సేవ తీసుకోదలచినవారు ఆ సంచిని అడిగి తీసుకోండి. పాలు ఇంట్లోకి రాగానే కాచండి. పైకి పొంగడమే కాగడం కాదు, మీగడ కింద ఆవిరి చిక్కుకుని పొంగు ముందే వస్తుంది కాబట్టి, మంట తగ్గించి గరిటెతో కలుపుతూ మరో రెండు మూడు నిమిషాలు మరగనివ్వండి. తర్వాత గిన్నెను చన్నీళ్ల పళ్లెంలో పెట్టి చల్లార్చి ఫ్రిజ్ లోపలి అరలో పెట్టండి, తలుపు అరలో చల్లదనం నిలవదు. కాచిన పాలను కూడా గట్టు మీద గంటల తరబడి వదలకూడదు, మరిగినా చావని సూక్ష్మజీవుల బీజాలు కొన్ని ఉంటాయి, గోరువెచ్చదనంలో అవి మళ్లీ మొలకెత్తుతాయి.

పొద్దున్నే సీసా అందుకోవడానికి ఇంట్లో ఎవరూ లేనివారికి ఈ పాలు నేను సిఫారసు చేయను, పాశ్చరైజ్ చేసిన ప్యాకెట్ పాలే వారికి మేలు. మేము మాత్రం జులై చందా కట్టాము. సీసా మూత మీద ఇప్పటికీ తేదీ ఒక్కటే ఉంటోంది. పితికిన సమయం కూడా ముద్రించమని అడిగాను, దానికి ఇంకా జవాబు రాలేదు.