ఐదక్షరాల ఆప్‌కి మూడు స్టార్లు, అదీ ఫకీరు పుణ్యమా అని

మెల్‌బోర్న్‌లో ఉన్న మా మేనకోడలికి మాకంటే ముందే తెల్లారుతుంది. వర్డిల్‌లో (రోజుకో ఐదక్షరాల ఇంగ్లిష్ మాటని ఆరు ఛాన్సుల్లో కనుక్కునే ఆన్‌లైన్ ఆట) ఎవరి ఊళ్లో అర్ధరాత్రి దాటితే వాళ్లకు కొత్త మాట వస్తుంది కాబట్టి, నేను కాఫీ కలుపుకునే సరికే ఫ్యామిలీ గ్రూపులో దాని ఆకుపచ్చ, పసుపు గళ్లు వచ్చి కూర్చుంటాయి (ఆకుపచ్చంటే అక్షరం సరైన చోట ఉన్నట్టు, పసుపంటే అక్షరం ఉంది గానీ చోటు వేరని). కింద "అత్తా, మూడింట్లో కొట్టేశా!" అని ఒక ముక్క. ఆ పోరు పడలేకే ఇంగ్లిష్ మాటలు వెతికిపెట్టే ఈ ఆప్ వేసుకున్నాను. నాలుగు నెలలు వాడి రాస్తున్నాను.

వాడటం సులువే. మాటకి ఎన్ని అక్షరాలో చెప్పి, తెలిసినవి వాటి గళ్లలో పెట్టి, లేవని తేలినవి కొట్టేస్తే, సరిపోయే మాటలన్నీ కుమ్మరిస్తుంది. చిక్కంతా ఆ 'అన్నీ'తోనే. వర్డిల్ తయారుచేసిన జోష్ వార్డిల్ ఆ ఆట చేసిందే తన పార్ట్‌నర్ పలక్ షా కోసం. ఐదక్షరాల మాటలు పన్నెండు వేల దాకా ఉంటే, జనానికి తెలిసినవి ఓ 2,500 ఏరింది ఆవిడే. ఈ ఆప్‌లో ఆ ఏరుడు లేదు. బియ్యం, రాళ్లు ఒకే చేటలో.

మొన్న మంగళవారం నా పరువు పోయింది. చివరి నాలుగు గళ్లూ ఆకుపచ్చే: ఐ, జి, హెచ్, టి. ఇంకా మూడు ఛాన్సులు. ఇంకేం, అయిపోయిందనుకున్నా. ఆప్‌ని అడిగితే ఎయిట్, ఫైట్, లైట్, మైట్, నైట్, రైట్, సైట్, టైట్... పైగా నేను పుట్టి బుద్ధెరిగాక వినని మాటలు నాలుగు. లైట్ కొట్టా, నైట్ కొట్టా, మైట్ కొట్టా. జవాబు ఫైట్.

మేనకోడలు ఫోన్ చేసి నవ్వింది. "అక్కడ ఫిల్మ్స్ అని కొట్టాలి అత్తా. ఎఫ్, ఎల్, ఎమ్, ఎస్ నాలుగూ ఒక్క దెబ్బకి తేలిపోతాయి." నిజమే! అప్పుడు కావలసింది సరిపోయే మాట కాదు, సరిపోదని తెలిసీ కొట్టే మాట. ఈ ఆప్ అలాంటిది చచ్చినా చూపించదు. సరిపోనివి దాచడమే దాని పని మరి. (తేలిన అక్షరాలు ప్రతిసారీ వాడి తీరాల్సిన హార్డ్ మోడ్‌లో ఆడేవాళ్లకి ఈ ఎత్తు కుదరదు లెండి.)

మరి మూడు స్టార్లు ఎందుకంటే, ఆదివారం స్క్రాబుల్ (అక్షరాల బిళ్లలు బోర్డు మీద పరిచి ఇంగ్లిష్ మాటలు కట్టే ఆట) కోసం. క్యూ వచ్చింది, ఇంగ్లిష్‌లో దాని పక్కన దాదాపు ఎప్పుడూ ఉండే యూ లేదు. చేతిలో పది పాయింట్ల బిళ్ల, పెట్టే చోటు లేదు. యూ కొట్టేసి, క్యూ ఉన్న ఐదక్షరాలు అడిగితే ఫకీర్, నిఖాబ్ వచ్చాయి! మలక్‌పేటలో పుట్టి పెరిగిన నాకు తట్టవద్దూ? ఫకీర్ పరిచాను, పదిహేడు పాయింట్లు.

"ఇదేం ఇంగ్లిష్? మక్కా మసీదు మెట్ల దగ్గర వినే మాట" అని మావారు గొడవ. డిక్షనరీ తీసి చూపించాక గానీ బిళ్లలు కదపలేదు.

రెండుసార్లు వెతికితే ఒక రమ్మీ ప్రకటన వస్తుంది. అవి పోవాలంటే ఏడాదికి 199 రూపాయలట. మాటల్లోంచి రాళ్లు ఏరిపెడితే అప్పుడు ఇస్తాను.