పాత మందలో కొత్త కోళ్లు: రాత్రి గూట్లో తోయాలా, తడిక అడ్డం కట్టాలా?

వానలు పడి పెరట్లో పురుగూ పుట్రా మొదలయ్యేసరికి మా శ్రీకాకుళం, విజయనగరం వైపు ఊళ్లలో మోపెడ్ల మీద బుట్టలు కట్టుకుని కోడిపిల్లలు అమ్మేవాళ్లు తిరుగుతుంటారు. ఆ వెనకే నాకు ప్రశ్నలు మొదలవుతాయి. "ఇంట్లో నాలుగు నాటు పెట్టలున్నాయి, వనరాజా రకం కోళ్లు కొన్నాం, ఎలా కలపాలి?" నరసన్నపేట నుంచి అడిగినా, చీపురుపల్లి నుంచి అడిగినా ప్రశ్న ఇదే. పెద్దవాళ్లు రాత్రి గూట్లో తోసేయమంటారు. ఈమధ్య పెంపకం మొదలుపెట్టినవాళ్లు తడికో జాలీయో అడ్డం కట్టి కొన్నాళ్లు చూపులు కలవనివ్వమంటారు. పొదుగు పెట్ట కింద పెట్టేస్తే గొడవే ఉండదనేవాళ్లూ ఉన్నారు. మూడూ పనిచేసేవే. మీ గూడు ఎలాంటిది, మీరు తెచ్చినవి ఏ వయసువి అన్నదాన్ని బట్టి ఎంచుకోవాలి.

నా మొగ్గు ముందే చెప్పేస్తాను. ఎదిగిన కోళ్లయితే తడికే. రోజు పిల్లలైతే పొదుగు పెట్ట. రాత్రి పద్ధతిని నేను చాలా కొద్దిమందికే చెబుతాను.

ఎందుకంటే ఏ పద్ధతిలో కలిపినా పోట్లాట తప్పదు. మందలో ఎవరు ఎవరిని పొడవాలో ఒక వరస ఉంటుంది. షెల్డెరప్ ఎబ్బే అనే నార్వే పరిశోధకుడు 1920ల మొదట్లోనే దీన్ని గమనించి రాశాడు. మన ఇళ్లలో కోళ్లకి నూకలు చల్లే ఏ ముసలమ్మని అడిగినా "ఆ నల్లపెట్టే వీటన్నిటికీ పెద్ద" అని వేలు పెట్టి చూపిస్తుంది. కొత్త కోడి వచ్చిందంటే ఆ వరస మళ్లీ తేలాల్సిందే. అది ఎక్కడ తేలుతుంది, ఓడిన కోడికి పారిపోవడానికి చోటుందా అన్నది నా లెక్కలో మిగతా అన్నిటికన్నా ముఖ్యం.

ఆరుబయట ఇది ఎలా జరుగుతుందో ఒకసారి నిలబడి చూడండి. రెండు పెట్టలు ఎదురుపడతాయి. మెడ ఈకలు గొడుగు విప్పినట్టు లేస్తాయి. ముక్కులు ఆనేంత దగ్గరగా నిలబడి తలలు పైకీ కిందకీ ఆడిస్తాయి. ఒకటి ఎగిరి తంతుంది. రెండోది తల దించి పక్కకి తప్పుకుని గడ్డివాము చాటుకి పోతుంది. గెలిచింది నాలుగడుగులు తరిమి ఆగిపోయి మళ్లీ నేల గీరుకుంటుంది. నిమిషం కూడా పట్టదు. అదే పోట్లాట గూట్లో జరిగితే ఓడిన కోడి తల దించినా ఎటూ పోలేదు. కళ్లెదురుగానే ఉంటుంది కాబట్టి రెండోది పొడవడం ఆపదు. నెత్తురు కనబడిందంటే మిగతావి కూడా వచ్చి అదే చోట పొడుస్తాయి.

రాత్రి పద్ధతిలో ఇబ్బంది సరిగ్గా ఇక్కడే. చీకట్లో కోడికి చూపు ఆనదు, అందుకని పోట్లాడదు. పెట్టినవాళ్లకి రాత్రంతా ప్రశాంతంగా కనిపిస్తుంది. తెల్లారేసరికి వాసన కలిసిపోతుందని పెద్దవాళ్లు అంటారు గానీ, కోళ్లు ఒకదాన్నొకటి గుర్తుపట్టేది ముఖ్యంగా చూపుతో. ముఖం, జుట్టు చూసి పోల్చుకుంటాయి. కాబట్టి గూటి సందుల్లోంచి వెలుతురు పడిన క్షణాన కొత్తది కొత్తదిగానే కనబడుతుంది. మన గూళ్లు చూస్తే మోకాలెత్తు మట్టివో ఇటుకవో, తలుపుగా ఒక పలక, దానికి ఆనించి ఒక రాయి. పుంజు కూసేది చీకటుండగానే. మనం లేచి, వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి ఆ రాయి పక్కకి జరిపేది ఎప్పుడో. ఆ మధ్య సమయమంతా కొత్త కోడి లోపలే ఉంటుంది.

మా వీధిలో ఒకామె గ్రామప్రియ రకం పెట్టల్ని ఇలాగే పెట్టింది. పొద్దున్న పలక తీస్తే పాతవన్నీ బిలబిలా బయటికొచ్చాయి, కొత్తవాటిలో ఒకటి రాలేదు. చెయ్యి పెట్టి తీస్తే తల మూలకి దూర్చేసి, వీపు ఇటు తిప్పి నిలబడి ఉంది. తల వెనక ఈక లేదు. చర్మం చిట్లి, నెత్తురు గడ్డకట్టి, ఆపైన గూటి మట్టి అంటుకుని ఉంది. పసుపూ వేపనూనే రాసి వేరే గంప కింద పెట్టారు. బతికింది గానీ, ఆ తర్వాత ఎప్పుడూ సాయంత్రం తనంతట తాను ఆ గూట్లోకి దూరలేదు.

అయితే పాతవాళ్ల మాట ఉత్తదేం కాదు. వాళ్ల రోజుల్లో చాలా ఇళ్లలో కోళ్లు పశువుల సాలలో దూలం మీదో, చింతకొమ్మ మీదో పడుకునేవి. రాత్రి కొత్తదాన్ని పక్కన కూర్చోబెడితే తెల్లారగానే దూకి తలో దిక్కూ పోయేవి. చోటు ఉంది కాబట్టి పద్ధతి నడిచింది. ముంగిసలకీ దొంగలకీ జడిసి ఇప్పుడు గూట్లో వేసి మూస్తున్నాం. మీ కోళ్లు ఇప్పటికీ సాలలోనే పడుకుంటున్నా, మీరు నాలుగింటికే లేచి తలుపు తీయగలిగినా, వచ్చేది పాతవాటి సైజులోనే ఉన్న ఒకటి రెండు పెట్టలే అయినా రాత్రి పద్ధతి వాడుకోవచ్చు. ఖర్చు లేదు, పని లేదు.

తడికకి పని ఉంది. పెరట్లో ఒక మూల వెదురు తడికతోనో ఇనుప జాలీతోనో అడ్డం కట్టి, కొత్తవాటికి అటువైపే తిండి, నీళ్లు, రాత్రి పడకకి చిన్న గూడు పెట్టాలి. తీరం దగ్గర ఊళ్లవాళ్లు పాత చేపల వల కడుతుంటారు. చౌకే, కానీ కాళ్లు చిక్కుకుంటాయి, ముంగిస కొరికేస్తుంది. కింది అడుగు భాగానికైనా జాలీ వేయండి. తడికకి రెండువైపులా, దగ్గరదగ్గరగా తిండి పెట్టడం మర్చిపోకండి. మొదట్లో పాత పెట్టలు సందుల్లోంచి పొడవబోతాయి, పుంజు రెక్క దించి అటూ ఇటూ నడుస్తుంది. పట్టించుకోవద్దు. కొన్నాళ్లకి రెండు జట్లూ తడికకి ఇటొకటి అటొకటి దుమ్ములో పొర్లుతూ, కళ్లు మూసుకుని పడుకోవడం చూస్తారు. నేను కలపడానికి గుర్తుగా చూసేది అదే. సాధారణంగా రెండు మూడు వారాలు పడుతుంది.

అప్పుడు కూడా గూట్లో కలపొద్దు. మధ్యాహ్నం దాటాక, అందరి కడుపులూ నిండాక, తడిక ఒకవైపు తీసి బయట కలవనివ్వండి. పెరట్లో అడ్డాలు ఉండాలి: వాలుగా ఆనించిన కొబ్బరి మట్టలు, నిలబెట్టిన పాత మంచం, బోర్లించిన గంప. ఓడిన కోడి కళ్లకి కనబడకుండా పోగలిగితే చాలు. తిండి మూడు చోట్ల చల్లండి, నూకలైనా చోళ్లయినా. ఒంటరి కోడిని ఎప్పుడూ కలపొద్దు, కనీసం రెండో మూడో ఉండాలి. రాత్రికి ఎవరి గూడు వాళ్లదే. ఒకే గూట్లో పడుకోవడం మరో రెండు వారాల తర్వాతి మాట, అదీ మీరు పెందలాడే లేచి తలుపు తీయగలిగిన రోజుల్లో మొదలుపెట్టండి. అన్నిటినీ ఒక్క పెట్టే పొడుస్తుంటే కొత్తవాటిని కాకుండా ఆ పెట్టనే పట్టి నాలుగు రోజులు వేరేచోట ఉంచండి. తిరిగొచ్చేసరికి దాని పెద్దరికం తగ్గి ఉంటుంది.

జాతిని బట్టి కొంచెం తేడా ఉంటుంది. వనరాజాలు రాజేంద్రనగర్‌లోని పౌల్ట్రీ పరిశోధన డైరెక్టరేట్‌లో తయారైనవి, ఒళ్లు బరువు, నెమ్మది. నాటు పెట్ట కన్నా పెద్దదై ఉండి కూడా దాని చేతిలో దెబ్బలు తింటుంది. బరువుని చూసి ధైర్యపడి త్వరగా కలిపేస్తారు, అక్కడే దెబ్బతింటారు. అదే సంస్థ తయారుచేసిన గ్రామప్రియ గుడ్లకి మంచిది, కానీ ఒళ్లు తేలిక, బెదురు ఎక్కువ. దానికి అడ్డాలు ఎక్కువ కావాలి. కడక్‌నాథ్ మధ్యప్రదేశ్ ఝాబువా వైపు జాతి, ఎగరడం బాగా వచ్చు, తడిక ఎత్తుగా కట్టకపోతే మొదటి రోజే మీ లెక్కంతా తప్పిస్తుంది. అసీల్, అంటే మన డేగ, కాకి, నెమలి, సేతు రకాలు, పెట్టలతో సహా పోట్లాటకి పుట్టినవి. అసీల్ పెట్టని గ్రామప్రియలతో కలపడం నాకు ఏ పద్ధతిలోనూ ఇష్టం లేదు. ఎదిగిన పుంజులు రెండు ఎదురుపడకూడదన్నది మీకు చెప్పనక్కర్లేదు.

పుంజుల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. కోళ్లు కలిశాయంటే గుడ్లూ కలుస్తాయి. వనరాజా పుంజు బరువుకి చిన్న నాటు పెట్టల వీపు ఈకలు ఊడిపోతాయి. వాటికి పుట్టే సంకరం పిల్లల్లో పొదుగు బుద్ధి తగ్గుతూ పోతుంది. మీ ఇంట్లో అమ్మమ్మ నాటి నుంచి వస్తున్న నాటు వరస ఉంటే దాన్ని దయచేసి పోగొట్టుకోకండి. కొత్తవాటిలో పెట్టల్నే ఉంచుకుని పుంజుల్ని కోతకి వాడుకోండి. మందకి నాటు పుంజే ఉండనివ్వండి.

ఇక తడిక చేయలేని పని ఒకటుంది. రోగాన్ని ఆపలేదు. కొక్కెర తెగులు, అదే రాణీఖేత్, గాలితో, రెట్టతో, మన చెప్పులతో కూడా పోతుంది. అందుకే నారాయణవలస సంత నుంచి తెచ్చినా, మానాపురం సంత నుంచి తెచ్చినా, బంధువులింటి నుంచి తెచ్చినా ముందు మూడు వారాలు పెరటికి అవతలి కొసన వేరుగా ఉంచాలి. వేరే గిన్నెలు వాడండి. ముందు పాత కోళ్లకి పెట్టి, ఆ తర్వాతే కొత్తవాటి దగ్గరికి వెళ్లండి. ముక్కు కారడం, గురక, పచ్చటి పారుడు ఏదీ లేకపోతేనే తడిక దగ్గరికి తీసుకురండి. ఆరు వారాలు బ్రూడర్‌లో, అంటే తల్లి లేని పిల్లల్ని వెచ్చగా ఉంచే చోట, పెరిగిన వనరాజా పిల్లలకి ఎనిమిదో వారంలో కొక్కెరకి ఆర్‌టూబీ అనే టీకా సూది వేయించి, అది పట్టడానికి మరో రెండు వారాలు ఆగితే పదో వారం వస్తుంది. అప్పటికి ఒళ్లు కూడా నాటు పెట్టకి దగ్గరగా వస్తుంది కాబట్టి తడిక తీయడానికి అదే సరైన వయసు. అదే సీసాతో పాత కోళ్లకీ వేయించండి, వాటికి ఎవరూ వేయించరు. ఒక సీసా వంద డోసులుంటుంది, కలిపాక రెండు గంటల్లోపే వాడేయాలి. కాబట్టి వీధిలో పది ఇళ్లవాళ్లు ఒకే పొద్దున్న కలిసి వేయించుకోవడం మంచిది. ఐసు పెట్టి తేవడం మాత్రం మానొద్దు.

పొదుగు పెట్ట పద్ధతి నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, కుదరడమే కష్టం. ఇరవై ఒక్క రోజులు కూర్చున్న నాటు పెట్ట కింద, రాత్రి పూట, ఒకటి రెండు రోజుల పిల్లల్ని గుడ్ల స్థానంలో పెడితే తెల్లారేసరికి అవి దాని పిల్లలే. కొత్తవాటిని మందకి పరిచయం చేసే పని తల్లే చూసుకుంటుంది. పొడవడానికి వచ్చిన పెట్టని రెక్కలు విప్పి తరిమేస్తుంది, గద్దకి దాక్కోవడం కూడా నేర్పుతుంది. వనరాజా, గ్రామప్రియలు పొదగవు కాబట్టి ఈ తల్లి నాటుదే అయి ఉండాలి. చిక్కు ఏమిటంటే మీ పెట్ట కూర్చున్న రోజులూ పిల్లలు దొరికే రోజులూ కలవాలి. ఒక తల్లికి పది పన్నెండుకి మించొద్దు. అప్పటికే సొంత పిల్లలు తిరుగుతుంటే వేరే రంగు పిల్లని పొడిచే తల్లులున్నాయి, మొదటి పొద్దున్న దగ్గరుండి చూడండి. వనరాజా పిల్లలు త్వరగా ఎదుగుతాయి, మూడో వారానికి తల్లి రెక్కల కింద పట్టవు. చలిరోజుల్లో గంప మీద గోనె కప్పండి.

ఏ రోజుల్లో కలపాలన్నది కూడా అడుగుతుంటారు. రోహిణి కార్తెలో వద్దు, ఎండదెబ్బకి తోడు పోట్లాట కోడి తట్టుకోలేదు. మన రెండు జిల్లాల్లో అక్టోబరు కూడా నాకు టెన్షనే. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ ఆ నెలలోనే వచ్చాయి. తుపాను హెచ్చరిక వచ్చిందంటే కోళ్లన్నిటినీ ఒకే గదిలో వేసి మూయాల్సి వస్తుంది. సగం పరిచయమైన మందకి అంతకంటే చెడ్డ రాత్రి ఉండదు. సెప్టెంబరులోగా కలిపేయండి, లేదా కార్తీకం దాటనివ్వండి.

ఇక నన్ను అడిగే మిగతా పద్ధతులూ, మిగతా పక్షుల సంగతీ. పెరట్లోకి పగలే అన్నిటినీ ఒకేసారి వదిలేయడం: కళ్లం అంత విశాలమైన చోటుంటే సరే, సందు లాంటి పెరడైతే వద్దు. అన్నిటి మీదా ఫినాయిలో సారాయో చిలకరించడం: వాసనతో పని లేదని పైన చెప్పాను కదా, పైగా కళ్లలో పడుతుంది. బాతులు కోళ్లని పెద్దగా పొడవవు గానీ నేలంతా తడి చేస్తాయి, పడక వేరుగా ఉండాలి. గిన్నీ కోళ్లు చిన్నప్పటి నుంచీ కలిసి పెరిగితేనే ఒద్దికగా ఉంటాయి. టర్కీలని మాత్రం కోళ్లు తిరిగిన నేల మీదకి తేవొద్దు. కోడి పేగుల్లోని పురుగు గుడ్ల ద్వారా వాటికి నల్లతల జబ్బు సోకుతుంది. కోడికి పెద్దగా ఏమీ కనబడదు, టర్కీ చచ్చిపోతుంది.