వరదలో మునిగిన కార్లను ‘షోరూం కండిషన్’ అని అంటగడుతున్నారు, జాగ్రత్త

ఐదారు లక్షల్లో రెండు మూడేళ్ల హ్యాచ్‌బ్యాక్ కోసం వెతుకుతున్నవాళ్లు దయచేసి అడ్వాన్స్ ఇవ్వకముందే ఇది చదవండి.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్, పాయకాపురం, వాంబే కాలనీ ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. అదే సమయంలో మున్నేరు ఖమ్మాన్ని ముంచింది. అంతకుముందు 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకు చెన్నై మునిగింది. ఇళ్లతో పాటు ఇళ్ల ముందు పెట్టుకున్న కార్లూ మునిగాయి. వాటిలో అప్పటికి కొత్తవీ ఉన్నాయి. అలాంటి కార్లు కొన్ని ఇప్పుడు కడిగి, ఆరబెట్టి, కొత్త సీటు కవర్లు తొడుక్కుని ‘తక్కువ రీడింగ్, సింగిల్ ఓనర్’ అంటూ సెకండ్ హ్యాండ్ మార్కెట్లో తిరుగుతున్నాయి. అందులో ఒకటి మా చెల్లెలి ఇంటికి వచ్చింది.

చెల్లెలు టీచర్. రోజూ హైదరాబాద్ నుంచి ఊరవతల ఉన్న బడికి వెళ్లి రావాలి. పిల్లలిద్దరినీ దారిలో దింపాలి. నిరుడు వేసవిలో ఒక కార్ల కన్సల్టెన్సీలో 2023 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ చూపించారు. ఏపీ 39 నంబరు, రీడింగ్ 14 వేలు, ధర 5 లక్షల 60 వేలు. ‘డాక్టర్ గారి బండి మేడమ్, ఆదివారం తప్ప తీసేవాళ్లే కాదు’ అన్నారు. మాతో వచ్చిన మెకానిక్ ఇంజన్ స్టార్ట్ చేసి విన్నాడు, పెయింట్ చూశాడు, టైర్లు చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. బండి పేరు, కంపెనీ పేరు రాయడం లేదు. తయారు చేసినవాళ్ల తప్పు ఇందులో ఏమీ లేదు. కన్సల్టెన్సీ పేరూ రాయను, విషయం వినియోగదారుల కమిషన్ ముందు ఉంది.

వానలు మొదలయ్యాక బండి అసలు రూపం బయటపడింది. ముందు డ్రైవర్ పక్క అద్దం కిందికి దిగి పైకి రాలేదు. తర్వాత మీటర్ బోర్డులో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆగిపోయింది, మళ్లీ వెలిగింది. ఒకరోజు ఔటర్ సర్వీస్ రోడ్డు మీద మలుపు తిప్పుతుండగా పవర్ స్టీరింగ్ పోయి చక్రం ఒక్కసారిగా బిగుసుకుంది. వెనక సీట్లో పిల్లలున్నారు. వేగం తక్కువ కాబట్టి పక్కకు ఆపగలిగింది. ఆ పూట ఆమె గొంతు ఫోన్లో ఎలా వణికిందో నేను మరిచిపోలేను.

కంపెనీ సర్వీస్ సెంటర్‌లో సీట్లు విప్పి, కార్పెట్ లేపి చూపించారు. కింద ఫోమ్ అంతా సన్నటి ఒండ్రు. వైర్ల కనెక్టర్లు విప్పితే లోపల రాగి పిన్నుల మీద పచ్చటి చిలుము. ఎయిర్‌బ్యాగ్‌ను నడిపించే మాడ్యూల్ గేర్ లివర్ దగ్గర, నేలకు దగ్గరగా ఉంటుంది. అది కూడా తడిసిందే. చాసిస్ నంబరు కొట్టి చూస్తే సర్వీస్ రికార్డు మొత్తం విజయవాడలోనే ఉంది. చివరి ఎంట్రీ 2024 ఆగస్టు. ఆ తర్వాత ఖాళీ.

ఇక్కడ ఒక విషయం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది మోసపోయేది ఈ చోటే. వరద కారు అంటే ఇంజన్ పోయిన కారు అనుకుంటాం. ఇంజన్ పాడయ్యేది నీళ్లలో స్టార్ట్ చేసినప్పుడు. గాలి వెళ్లే దారిలో నీళ్లు సిలిండర్‌లోకి పోతాయి, నీరు గాలిలా నొక్కితే నొక్కుకుపోదు, దాంతో కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇంటి ముందు ఆపి ఉన్న కారును ఎవరూ స్టార్ట్ చేయకపోతే, తర్వాత ఆయిల్, ఫిల్టర్లు మార్చి శుభ్రం చేస్తే ఇంజన్ మామూలుగానే తిరిగే అవకాశం ఉంది. అందుకే శబ్దం విని ‘ఇంజన్ సూపర్’ అన్న మెకానిక్ అబద్ధం చెప్పినట్టు కాదు. దెబ్బ తగిలేది వైరింగ్‌కి. బురద నీళ్లు కనెక్టర్లలోకి దూరి, పైకి ఆరినట్టు కనిపించినా, లోపల నెలల తరబడి మెల్లగా తినేస్తాయి. ఈ కాలపు కారులో అద్దం నుంచి బ్రేకు దాకా అన్నింటికీ వైర్లే. కొనేటప్పుడు అన్నీ పనిచేస్తాయి. ఒక వానాకాలం గడిచాక ఒక్కొక్కటే ఆగిపోవడం మొదలవుతుంది.

మరి ఆ కారు మార్కెట్లోకి ఎలా వచ్చిందంటే, దారి పెద్ద రహస్యమేమీ కాదు. రిపేరు ఖర్చు ఐడీవీలో, అంటే పాలసీలో రాసిన బండి విలువలో, 75 శాతం దాటితే ఇన్సూరెన్స్ కంపెనీ ‘టోటల్ లాస్’ కింద తీసుకుని ఓనర్‌కు డబ్బు కడుతుంది. మిగిలిన బండి వేలానికి పోతుంది. కొన్ని విడిభాగాలుగా మారతాయి. కొన్నింటిని చవగ్గా బాగుచేసి మళ్లీ రోడ్డెక్కిస్తారు. ఇంకో దారి కూడా ఉంది. మామూలు పాలసీలో ఇంజన్‌లోకి నీళ్లు పోయిన నష్టం రాదు, దానికి ఇంజన్ ప్రొటెక్షన్ అని విడిగా కట్టి ఉండాలి. అది లేని ఓనర్ క్లెయిమ్‌తో లాభం లేదనుకుని బండిని వచ్చిన ధరకు బ్రోకర్‌కు ఇచ్చేస్తాడు. అలాంటి బండికి క్లెయిమ్ రికార్డే ఉండదు. సింగ్ నగర్‌లో ఇల్లూ వాకిలీ మునిగి బండి వదిలించుకున్న ఓనర్‌ను నేను తప్పుపట్టను. అన్నీ తెలిసి కడిగి, దాచి, పిల్లలున్న కుటుంబానికి అమ్మినవాళ్లను మాత్రం క్షమించలేను.

ఇప్పుడు చూడాల్సిన చోట్లు చెబుతాను. బండి పగటి వెలుతురులో, కడగకముందు చూపించమనండి. తలుపులన్నీ వేసి కాసేపు ఉంచి, ఎక్కగానే వాసన చూడండి. సెంటు ఘాటుగా కొట్టారంటే అనుమానించండి. ఏసీ ఆపి, బ్లోయర్ ఒక్కటే ఫుల్లుగా పెడితే ముక్కవాసన దాగదు. సీటు బెల్టును చివరిదాకా లాగండి. రోజూ వాడే భాగం శుభ్రంగా ఉన్నా, ఎప్పుడూ బయటికి రాని ఆఖరి జానెడు మీద బురద గీత ఉండిపోతుంది. మా బండిలో అదే ఉంది, సర్వీస్ సెంటర్‌లో చూపించాక కళ్లకు స్పష్టంగా కనిపించింది. సీటు పూర్తిగా ముందుకు జరిపి కింద పట్టాలు, బోల్టులు టార్చ్ వేసి చూడండి. రెండేళ్ల బండిలో అక్కడ తుప్పు ఉండకూడదు, బోల్టు తలల మీద స్పానర్ గీతలూ ఉండకూడదు. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంత అంచుల్లో వేలు పెట్టి రాయండి, ఒండ్రు తగిలితే ఇంక మాట్లాడక్కర్లేదు. స్టీరింగ్ కింద ఫ్యూజ్ బాక్స్ మూత తీసి మూలల్లో మట్టి ఉందేమో చూడండి. హెడ్‌లైట్ లోపల ఆవిరి చారలున్నాయా, రెండేళ్ల బండికి కార్పెట్ ఎందుకు కొత్తగా ఉంది, ఇవి కూడా అడగండి. సీట్ల కింద పసుపు రంగు కనెక్టర్లు ఉంటాయి, అవి ఎయిర్‌బ్యాగ్‌ల సర్క్యూట్‌వి, చూడండి కానీ లాగి ఊడదీయవద్దు.

ఇగ్నిషన్ ఆన్ చేసి ఇంజన్ స్టార్ట్ చేయకుండా మీటర్ బోర్డు చూడటం అన్నిటికన్నా ముఖ్యం. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసేది), ఇంజన్ లైట్లు వెలగాలి. స్టార్ట్ అయ్యాక కొద్ది సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉన్నట్టే. అసలు వెలగకపోతే ఇంకా ప్రమాదం, లోపం కనపడకుండా ఎవరో ఆ లైటునే ఆపేసి ఉండవచ్చు. యాక్సిడెంట్‌లో తెరుచుకోవాల్సిన బ్యాగ్ తెరుచుకోదని ముందే తెలిసి కూడా అమ్మేవాళ్లు ఉన్నారంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కాగితాల్లో కూడా బండి చరిత్ర దొరుకుతుంది. ఏపీలో 2019 నుంచి కొత్త బండ్లకు రాష్ట్రమంతటికీ ఒకే ఏపీ 39 సిరీస్ ఇవ్వడం మొదలుపెట్టారు. కాబట్టి నంబరు చూసి జిల్లా చెప్పలేం. ఆర్సీలో రిజిస్టర్ చేసిన ఆర్టీఏ ఆఫీసు పేరు ఉంటుంది, అది చూడండి. బండి వివరాలు చూపించే ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో ఎన్నో ఓనర్, ఫైనాన్స్ ఉందా అన్నవి సరిచూసుకోండి. ఇన్సూరెన్స్ ‘ఉంది’ అని యాప్ చూపిస్తే తృప్తిపడకండి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కార్లకు మూడేళ్ల థర్డ్ పార్టీ కవర్ (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి ఇన్సూరెన్స్) తప్పనిసరి, అది నడుస్తున్నంత మాత్రాన బండికి ఏమీ కాలేదని కాదు. ఏడాదేడాదికి తీసుకున్న ఓన్ డ్యామేజ్ పాలసీ (మన బండికి జరిగే నష్టానికి ఇన్సూరెన్స్) కాగితాలు అడగండి. క్లెయిమ్ లేకపోతే మొదటి రెన్యువల్‌లో నో క్లెయిమ్ బోనస్, అంటే ప్రీమియంలో తగ్గింపు, 20 శాతం, రెండోసారి 25 శాతం వస్తుంది. 2023 బండికి రెండో ఏడు పాలసీలో 20 ఉండి, ఆ తర్వాత సున్నా అయిందంటే, లేదా మధ్యలో పాలసీయే లేదంటే, ఆ ఖాళీలో ఏం జరిగిందో అమ్మేవాళ్లు సూటిగా చెప్పాలి. ఓనర్ మారినందుకు బోనస్ పోయి ఉండవచ్చు కూడా. అలాగైతే ‘సింగిల్ ఓనర్’ అన్న మాట ఏమైనట్టు?

సర్వీస్ రికార్డు అన్నిటికంటే నమ్మదగిన సాక్ష్యం. కంపెనీ సర్వీస్ సెంటర్‌కు బండి తీసుకెళ్లి, చాసిస్ నంబరుతో చరిత్ర చూపించమని, డబ్బు కట్టి ఇన్‌స్పెక్షన్ చేయించుకోండి. తేదీతో పాటు ఊరూ చూడండి. 2024 సెప్టెంబరులో, 2023 డిసెంబరులో ఆ బండి ఎక్కడ ఉంది? ఈ ఒక్క ప్రశ్నకు కాగితంతో జవాబు రాకపోతే లేచి వచ్చేయండి. ఇన్‌స్పెక్షన్‌కు పంపనంటే అప్పుడూ అంతే. విజయవాడ బండి అయినంత మాత్రాన చెడ్డదని కాదు. నీళ్లు రాని పేటల్లో చక్కటి బండ్లు ఎన్నో ఉన్నాయి.

‘కంపెనీ వారంటీ ఇంకా ఉంది సార్’ అన్న మాట కూడా మాకు చెప్పారు. వారంటీ బండితో పాటు కొత్త ఓనర్‌కు వస్తుంది, నిజమే. కానీ వరద నష్టం వారంటీలోకి రాదు. సర్వీస్ సెంటర్‌వాళ్లు మా ముందే ఆ షరతు చదివి వినిపించారు. వైరింగ్, మాడ్యూళ్లు, సీట్లు కలిపి వాళ్లిచ్చిన ఎస్టిమేట్ బండి కొన్న ధరలో సగానికి దగ్గరగా ఉంది.

హైదరాబాద్‌లో ఏపీ బండి కొనేవాళ్లకు ఇంకో ఖర్చు. ‘టెన్షన్ పడకండి, ఆ బోర్డుతోనే తిరగొచ్చు’ అంటారు. పన్నెండు నెలలు దాటి ఇక్కడే ఉంచితే ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చి తెలంగాణ నంబరు వేయించుకోవాలి, బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ మొత్తం ధరలో కలుపుకుని లెక్క చూడండి.

ధర గురించి కూడా ఒక మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోల్ కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. స్విఫ్ట్ ప్రారంభ ఎక్స్‌షోరూం ధర 6.49 లక్షల నుంచి 5.79 లక్షలకు, వ్యాగనార్ 5.79 నుంచి 4.99 లక్షలకు దిగాయి. కొత్త ధర తెలియకుండా పాత బండి బేరానికి కూర్చోవద్దు. నా మట్టుకు నేను ఐదారు లక్షలు చేతిలో ఉంటే చిన్న మోడల్ బేస్ వేరియంట్ కొత్తదే తీసుకోమంటాను. లేదంటే తెలిసినవాళ్ల దగ్గర, సర్వీస్ మొత్తం ఒకే చోట చేయించిన మాన్యువల్ పెట్రోల్ బండి. రీడింగ్ 40 వేలున్నా పర్వాలేదు, రికార్డు పూర్తిగా ఉండాలి.

కన్సల్టెన్సీలో కొంటే ఆర్టీఏ ఇచ్చిన డీలర్ అధికార పత్రం, ఫారం 29బి, చూపించమనండి. పాత బండ్ల డీలర్లకు 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ నిబంధన ఉంది. ‘ఈ బండి వరదలో మునగలేదు, టోటల్ లాస్ కాలేదు’ అని వాళ్ల లెటర్‌హెడ్ మీద రాసి, చాసిస్ నంబరు వేసి, సంతకం పెట్టమనండి. నిజాయితీగా వ్యాపారం చేసేవాళ్లు రాసిస్తారు. మాకు మాత్రం ‘ఉన్నది ఉన్నట్టుగా కొనుగోలు’ అన్న కాగితం మీద సంతకం తీసుకుని, తర్వాత అదే చూపించి ‘సెకండ్ హ్యాండ్ బండికి గ్యారంటీ ఎవరిస్తారు సార్’ అన్నారు.

ఇప్పటికే ఇలాంటి బండి కొన్నవాళ్లు ఉంటే, సర్వీస్ సెంటర్ నుంచి రాతపూర్వక రిపోర్టు, కార్పెట్ కింద తీసిన ఫోటోలు, ప్రకటన స్క్రీన్‌షాట్లు, డబ్బు కట్టిన రుజువు భద్రపరచండి. రిపేరు చేయించకముందే ఇవి తీసుకోవాలి. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. కట్టిన ధర ఐదు లక్షల లోపు అయితే ఫీజు లేదు, ఐదు దాటి పది లక్షల వరకు 200 రూపాయలు. డీలర్ దగ్గర కొన్నవాళ్లకే ఇది వర్తిస్తుంది. వ్యక్తి నుంచి నేరుగా కొంటే సివిల్ కోర్టుకో పోలీసు స్టేషన్‌కో వెళ్లాలి. ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతున్న బండిలో మాత్రం, అది తేలేవరకు, పిల్లలను ఎక్కించుకుని తిరగకండి.