క్యూట్ విడ్జెట్స్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

మందుల హోల్‌సేల్ షాపులకు బిల్లింగ్, స్టాక్ సాఫ్ట్‌వేర్ రాయడం నా పని. దానికి చాలా ఏళ్లుగా క్యూట్ (Qt) వాడుతున్నాను. ప్రోగ్రాముల విండోలు, బటన్లు, పట్టికలు తయారుచేసే సాధనాల సెట్టు ఇది. మొదట వెర్షన్ 5, ఇప్పుడు పైసైడ్ (పైథాన్ నుంచి క్యూట్‌ని వాడనిచ్చే లైబ్రరీ) ద్వారా వెర్షన్ 6. నార్వేలో పుట్టి 1995లో బయటికొచ్చిన టూల్‌కిట్ ఇది. ఇందులో తెరలను వర్ణించి రాసే కొత్త పద్ధతి క్యూఎంఎల్ ఉన్నా నేను పాత విడ్జెట్స్‌తోనే, అంటే బటన్, పట్టిక లాంటి సిద్ధంగా ఉన్న భాగాలతోనే ఉండిపోయాను. పొద్దున్నుంచి రాత్రి దాకా కీబోర్డు మీదే బిల్లులు కొట్టేవాళ్లకు ఫోకస్, ట్యాబ్ ఆర్డర్, షార్ట్‌కట్‌లు పక్కాగా ఉండాలి. అందులో విడ్జెట్స్‌కి సాటి నాకు కనిపించలేదు.

దీని అసలు బలం మోడల్-వ్యూ: డేటాని ఇచ్చేది మోడల్, దాన్ని తెరపై చూపించేది వ్యూ. చాలామంది టేబుల్ విడ్జెట్‌లో సెల్‌కో ఐటమ్ నింపేసి ఊరుకుంటారు. వరుసలు లక్ష దాటితే విండో తెరుచుకోవడమే భారమవుతుంది. సొంత టేబుల్ మోడల్ రాస్తే, తెరపై కనిపించే వరుసలకే వ్యూ డేటా అడుగుతుంది. మోడల్‌లో ఫెచ్‌మోర్ అనే ఫంక్షన్ కూడా రాసుకుంటే కిందికి స్క్రోల్ చేసేకొద్దీ మిగతాది వస్తుంది. ఒక మందు ధర మారితే ఆ సెల్‌కి మాత్రమే డేటాఛేంజ్డ్ సిగ్నల్ పంపాలి. మోడల్ మొత్తాన్ని రీసెట్ చేస్తే ఎంచుకున్న వరుస పోతుంది. కౌంటర్ దగ్గర నలుగురు నిలబడి ఉండగా అలా జరిగితే బిల్లు కొట్టే మనిషికి ఎంత టెన్షనో ఆలోచించండి. రంగులూ యానిమేషన్లూ ఆ తర్వాతే.

నాకు బాగా ఇష్టమైనది డెలిగేట్, అంటే ఒక్కో సెల్‌ని తెరపై గీసే భాగం. మందు పేరు కింద చిన్న అక్షరాల్లో బ్యాచ్ నంబరు, గడువు దగ్గరపడితే పక్కన ఎర్ర గుర్తు, అన్నీ ఒకే సెల్‌లో మనకు కావలసినట్టు గీసుకోవచ్చు. అయితే ఆ పెయింట్ ఫంక్షన్ మాటిమాటికీ నడుస్తుంది. దాంట్లో ఫైల్ నుంచి ఐకాన్ చదవడం లాంటివి పెట్టకూడదు. 60 హెర్ట్జ్ తెర మీద ఒక్కో ఫ్రేమ్‌కి దొరికేది సుమారు 16.7 మిల్లీసెకన్లే. డేటాబేస్ క్వెరీలు వేరే థ్రెడ్‌లో (ప్రోగ్రాములో పక్కనే సమాంతరంగా నడిచే పనిలో) నడిపి, ఫలితాన్ని సిగ్నల్‌తో మెయిన్ థ్రెడ్‌కి పంపాలి. విడ్జెట్‌ని మాత్రం ఆ వేరే థ్రెడ్ నుంచి ముట్టుకోకూడదు.

నచ్చనిది స్టైల్‌షీట్. చూడటానికి వెబ్ పేజీల రూపాన్ని దిద్దే సీఎస్‌ఎస్ లాగే ఉంటుంది. కానీ కాంబోబాక్స్‌లోనో స్క్రోల్‌బార్‌లోనో ఒక భాగాన్ని మారిస్తే మిగతా భాగాలన్నీ మనమే దిద్దుకోవాలి. అందుకే క్యూట్‌తోనే వచ్చే ఫ్యూజన్ స్టైల్ తీసుకుని ప్యాలెట్ (రంగుల జాబితా) మారుస్తాను. సిస్టమ్ డార్క్‌లో ఉందో లైట్‌లో ఉందో వెర్షన్ 6.5 నుంచి క్యూటే చెబుతుంది.

తెలుగు విషయంలో అక్షరాలను కలిపి రూపుదిద్దే హార్ఫ్‌బజ్ లైబ్రరీ పుణ్యమా అని సంయుక్తాక్షరాలు చక్కగా వస్తాయి. బటన్లకు, వరుసలకు ఇంగ్లీషు అక్షరాల కొలతతో ఎత్తు బిగిస్తేనే చిక్కు: "రాష్ట్రం", "స్త్రీ" లాంటి మాటల్లో కింది వత్తులు తెగిపోతాయి. ఎత్తును లేఅవుట్‌కీ ఫాంట్ మెట్రిక్స్‌కీ (ఫాంటు తన అక్షరాల గురించి చెప్పే కొలతలకీ) వదిలేయండి. 125, 150 శాతం స్కేలింగ్ ఉన్న ల్యాప్‌టాప్‌లలో కూడా చూడండి. వెర్షన్ 6లో ఆ స్కేలింగ్ దానంతటదే పనిచేస్తుంది, ఐకాన్లు ఎస్‌వీజీలో (ఎంత పెద్దది చేసినా స్పష్టంగా ఉండే బొమ్మల ఫార్మాట్) ఉంటే మసకబారవు.

పైసైడ్‌కి ఎల్‌జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు ఉంది కాబట్టి, దాని షరతులు పాటిస్తూ సోర్సు ఇవ్వకుండానే మన సాఫ్ట్‌వేర్ అమ్ముకోవచ్చు. ఇన్‌స్టాలర్ మాత్రం బరువే. వాడని మాడ్యూళ్లను, ముఖ్యంగా వెబ్ పేజీలు చూపించే వెబ్‌ఇంజిన్‌ని, తీసేశాకే ప్యాక్ చేయండి.