రెండు ముళ్ళ పవర్ మీటరు: ఎస్‌డబ్ల్యూఆర్‌కి సరే, వాట్లకి నమ్మకండి

నేను హ్యామ్‌ని, అంటే సరదాకి లైసెన్సు తీసుకుని రేడియోలో మాట్లాడే మనిషిని. ఆరు నెలల క్రితం విజయవాడ గవర్నర్‌పేటలో ఒక షాపులో కొన్నాను, 300, 3000 వాట్ల రెండు రేంజిలున్న క్రాస్ నీడిల్ మీటరు. ఒక ముల్లు యాంటెనాకి వెళ్ళే పవర్‌ని, ఇంకోటి వెనక్కొచ్చే పవర్‌ని చూపిస్తాయి, ఆ రెండిటి పోలికతో వచ్చేదే ఎస్‌డబ్ల్యూఆర్. "రీడింగ్ కరెక్టుగా ఉంటుందా అన్నా?" అంటే "పక్కాగా చూపిస్తుంది, కళ్ళు మూసుకుని తీసుకెళ్ళండి" అన్నాడు. బ్రాండు పేరు రాయను, ఎందుకంటే ఈ సమస్య ఆ ఒక్కదానిదే కాదు.

40 మీటర్ల బ్యాండులో (7 మెగాహెర్ట్జ్ దగ్గర) పవర్ పెంచే ఆంప్లిఫయర్ పెట్టి, వెళ్ళే పవర్ ముల్లు 380 దగ్గర నిలిచేలా డ్రైవ్ (ఆంప్లిఫయర్‌కి ఇచ్చే సిగ్నల్) సర్దుకుని నెలల తరబడి వాడాను. హ్యామ్ లైసెన్సుల్లో జనరల్ గ్రేడ్‌కి హెచ్‌ఎఫ్‌లో (3 నుంచి 30 మెగాహెర్ట్జ్ వరకు) పరిమితి 400 వాట్లు, దాని లోపలే ఉన్నానని ధైర్యం. ఒక రాత్రి గుంటూరు నుంచి ఒక సీనియర్ హ్యామ్ "మీ సిగ్నల్ పక్క ఫ్రీక్వెన్సీల మీదికి పొర్లుతోంది, ఒకసారి చూసుకోండి" అన్నారు. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆదివారం సామానంతా కార్లో వేసుకుని వాళ్ళింటికే వెళ్ళాను.

యాంటెనాకి బదులు పవర్‌ని మింగేసే డమ్మీ లోడ్ తగిలించి, నా మీటరు, ఆయన బర్డ్ 43 (హ్యాములు నమ్మే వాట్ మీటరు) వరసగా కలిపి, కీ నొక్కి క్యారియర్ (మాట లేని నిలకడ సిగ్నల్) వదిలాం. నా ముల్లు 380. బర్డ్ మీద 520! అందులో పెట్టింది 1000 వాట్ల స్లగ్ (రేంజి మార్చడానికి గుచ్చే ముక్క), దాని కచ్చితత్వం పూర్తి స్కేలు మీద 5 శాతం అంటే 50 వాట్లు అటూ ఇటూ, అంత తీసేసినా 470. అంటే ఇన్నాళ్ళూ నేను లైసెన్సు దాటే ఉన్నాను. చాలా బాధేసింది.

ఇంటికొచ్చి మీటరుతో ఇచ్చిన కాగితం తీసి చూస్తే, కచ్చితత్వం పూర్తి స్కేలు మీద 10 శాతం అని రాసే ఉంది. 3000 రేంజిలో అది 300 వాట్లు, ముల్లు ఎక్కడున్నా అంతే. 400 అని చూపిస్తే అసలుది 100 కావచ్చు, 700 కావచ్చు! కంపెనీ అబద్ధం చెప్పలేదు, కానీ షాపులో ఆ మాట చెప్పాల్సింది.

ఇంకోటి, ఎస్‌ఎస్‌బీలో (మేం గొంతు పంపే పద్ధతి) మాట్లాడేటప్పుడు ఇది సగటే చూపిస్తుంది, పీక్ పట్టుకోదు. ముల్లు లేవట్లేదని నేను మైక్ గెయిన్ పెంచుతూ పోయాను, దాంతో ఆంప్లిఫయర్ తట్టుకోలేక పీకులు పైన చదునుగా తెగిపోయాయి, ఆయన విన్న పొర్లడం అదే. పైగా 520 నుంచి 400కి దిగితే అవతలివాళ్ళకి తగ్గేది ఒక డెసిబెల్ పైచిలుకు మాత్రమే, ఒక ఎస్ యూనిట్ (రిసీవరు మీద సిగ్నల్ బలం చూపే ఒక మెట్టు) అంటేనే 6 డెసిబెల్స్. ఆ కాస్త కోసం పక్కవాళ్ళ మాటలు పాడుచేయడం తప్పు.

ఎస్‌డబ్ల్యూఆర్ మాత్రం బాగానే చూపిస్తోంది, అది నిష్పత్తి కాబట్టి రెండు ముళ్ళూ ఒకే తీరున తక్కువ చూపినా పెద్దగా మారదు. యాంటెనా ట్యూనింగుకి తీసుకోండి. పవర్ కోసమైతే వద్దు, లేదా ముందు నమ్మకమైన మీటరు పక్కన పెట్టి సరిచూసుకోండి. ఆ ఆదివారం వాళ్ళింట్లోనే డ్రైవ్ తగ్గించి చూశాం, నా ముల్లు 270 దగ్గరున్నప్పుడు బర్డ్ మీద 370 వచ్చింది. ఆ 270 మీద, అద్దం పైన, ఎర్ర మార్కరుతో గీత పెట్టుకున్నాను. ముల్లు దాన్ని దాటనివ్వడం లేదు.