గేమ్ బొమ్మకి క్రాస్ స్టిచ్ చార్టు: చేత్తో గీయడం మేలా, సాఫ్ట్‌వేర్ మేలా?

పాత వీడియో గేముల బొమ్మలు పుట్టడమే గళ్ళలో పుట్టాయి. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌లో చిన్న మారియో అడ్డంగా 12, నిలువుగా 16 పిక్సెళ్ళు. రంగులు మూడే. గళ్ళ గుడ్డ మీద గడికో X కుట్టు వేసే క్రాస్ స్టిచ్‌లో పిక్సెల్‌కి ఒక కుట్టు చొప్పున వేసుకుంటే చార్టు (ఏ గడిలో ఏ రంగో చూపే పటం) ముప్పాతిక వంతు ముందే తయారైనట్టు. అదే బొమ్మని నెట్‌లోంచి దించి కన్వర్టర్‌లో (బొమ్మని కుట్టు చార్టుగా మార్చే ప్రోగ్రామ్‌లో) పడేస్తే ఇరవైకి పైగా దారాల జాబితా చేతికొస్తుంది. ఆరు రకాల ఎరుపు, నాలుగు రకాల గోధుమ!

తప్పు కన్వర్టర్‌ది కాదు. అది ఫోటోల కోసం చేసిన పనిముట్టు, ఇచ్చిన బొమ్మలో ఎన్ని ఛాయలుంటే అన్నీ నమ్ముతుంది. జేపెగ్‌గా సేవ్ చేసిన బొమ్మలో ప్రతి రంగు అంచునా మురికి ఛాయలు చేరతాయి. పెద్దది చేసిన బొమ్మ అయితే రెండు రంగుల మధ్య లేని మూడో రంగు పుడుతుంది. వీటికంటే పెద్ద చిక్కు కొలతది. 16 వరసల మారియోని 40 కుట్ల ఎత్తుకి మార్చమంటే ఒక్కో పిక్సెల్‌కి రెండున్నర కుట్లు రావాలి. చార్టులో సగం గడి ఉండదు కాబట్టి కొన్ని వరసలు రెండు కుట్లు, కొన్ని మూడు అవుతాయి. మీసం ఒకవైపు లావుగా, టోపీ ఒకవైపు కుంగినట్టు వచ్చిందంటే కారణం ఇదే. పిక్సెల్‌కి 1, 4 (2×2), 9 (3×3) కుట్లు, ఇలా సగాలు రాని లెక్కలే సరైనవి.

అందుకే ఒక్క పాత్ర, ఒక్క వస్తువు కుట్టేటప్పుడు చేత్తో గీయడమే మేలు. 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్ గ్రహాంతరవాసులు 8×8, 11×8, 12×8 పిక్సెళ్ళు మాత్రమే. గళ్ళ కాగితం మీద ఐదు నిమిషాల పని, పైగా ఒక్కటే రంగు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఇంతకంటే మంచి మొదటి బొమ్మ కనిపించదు. మారియో స్థాయి బొమ్మలకి స్ప్రెడ్‌షీట్ వాడుకోవచ్చు: గడి వెడల్పు, ఎత్తు సమానం చేసి, రంగులు నింపి, ప్రతి పదో గీతని లావు చేసి ప్రింట్ తీయాలి. ఆ లావు గీతలు లేకపోతే గుడ్డ మీద లెక్క తప్పడం ఖాయం. ఒక్క గడి తప్పితే చాలు, ఆపై వేసినదంతా విప్పాల్సిందే.

పూర్తి తెరని కుట్టాలనుకుంటే మాత్రం చేతి లెక్క వదిలేయండి. నింటెండో వాళ్ళ చేతి గేమ్ గేమ్ బాయ్ తెర 160×144, అంటే 23,040 గళ్ళు. మారియో ఆడిన, టీవీకి తగిలించే నింటెండో పెట్టె ఎన్ఈఎస్ తెర 256×240, అంటే 61,440. ఇక్కడ సాఫ్ట్‌వేరే దిక్కు, కానీ బొమ్మని కడిగి ఇవ్వాలి. ఎమ్యులేటర్‌లో (పాత గేముల్ని కంప్యూటర్లో ఆడించే ప్రోగ్రామ్‌లో) ఫిల్టర్లన్నీ తీసేసి, అసలు సైజులో పీఎన్‌జీగా స్క్రీన్‌షాట్ తీయండి. పెద్ద బొమ్మే దొరికితే గింప్ అనే బొమ్మలు దిద్దే ప్రోగ్రామ్‌లో స్కేల్ ఇమేజ్ తెరిచి, ఇంటర్‌పొలేషన్ 'నన్' పెట్టి అసలు పిక్సెల్ కొలతకి కుదించండి. తర్వాత ఇండెక్స్‌డ్ మోడ్‌లోకి (బొమ్మలోని రంగుల్ని జాబితాగా పెట్టే పద్ధతిలోకి) మారిస్తే రంగులెన్నో తేలిపోతుంది. కన్వర్టర్‌లో రంగుల పరిమితి సరిగ్గా ఆ సంఖ్యకే పెట్టాలి. నేపథ్యం పారదర్శకంగా ఉంటే కొన్ని ప్రోగ్రాములు దాన్ని నలుపో తెలుపో అనుకుని వేల కుట్లు కలిపేస్తాయి. బొమ్మలో ఎక్కడా లేని ముదురు గులాబీ రంగు నేపథ్యంలో నింపి, చార్టు వచ్చాక ఆ ఒక్క రంగునీ తీసేస్తే సరి.

దారం నంబర్ల దగ్గర మాత్రం సాఫ్ట్‌వేర్ మాట వినకండి. ఎన్ఈఎస్ తెరకి పంపేది టీవీ సిగ్నల్, ఆర్‌జీబీ విలువలు (ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్ళ అంకెలు) కాదు. 'అసలు మారియో ఎరుపు' అనే ఒక్క అంకె ఎక్కడా లేదు, ఎమ్యులేటర్ మారితే రంగూ మారుతుంది. గేమ్ బాయ్‌లో ఉన్నవి నాలుగు ఛాయలే, వాటిని ఆకుపచ్చగా కుట్టాలా బూడిద రంగులోనా అన్నది మీ ఇష్టం. కాబట్టి దారపు లచ్చీలు పక్కపక్కన పెట్టి పగటి వెలుతురులో కంటితో ఎంచుకోవడమే దారి. మన ఊళ్ళ ఫ్యాన్సీ షాపుల్లో తేలిగ్గా దొరికేది యాంకర్ కంపెనీ దారం, చాలా చార్టుల్లో ఉండేది డీఎంసీ అనే ఇంకో కంపెనీ నంబర్లు. నలుపుకి డీఎంసీ 310 బదులు యాంకర్ 403 సరిపోతుంది. మిగతా రంగుల్లో మార్పిడి పట్టికలు దగ్గర రంగునే చెబుతాయి, అదే రంగుని కాదు. ఒకే రంగులో రెండు కంపెనీల దారాలు కలిపితే అతుకు కనిపిస్తుంది.

ఎన్ఈఎస్ తర్వాత వచ్చిన సూపర్ నింటెండో బొమ్మల్లో ఒక్కో పాలెట్‌కి (ఒక బొమ్మ వాడే రంగుల సెట్‌కి) 15 రంగుల దాకా ఉంటాయి. తెర మీద విడివిడిగా కనిపించే రెండు నీలాలు దారంలో కలిసిపోతాయి. డీఎంసీ 310 పక్కన 939 ముదురు నీలం వేస్తే నాలుగడుగుల దూరం నుంచి రెండూ నలుపే. అలాంటి జంటల్లో ఒకదాన్ని తీసేయాలి, లేదా రెండోదాన్ని రెండు మెట్లు లేత చేయాలి. ఈ నిర్ణయం ఏ ప్రోగ్రామూ మనకోసం చేయదు. ఇక అంచుల వెంట బ్యాక్ స్టిచ్ (సన్న గీతలా వేసే కుట్టు) గీతలు వేయొద్దు. మెట్లు మెట్లుగా ఉండటమే ఈ బొమ్మల అందం, గీత పడితే అది చచ్చిపోతుంది.

గుడ్డ సంగతి త్వరగా చెప్పుకుందాం. 14 కౌంట్ ఐడా (అంగుళానికి 14 గళ్ళుండే క్రాస్ స్టిచ్ గుడ్డ) మీద దారంలోని రెండు పోగులు, 24 నంబర్ సూది. గేమ్ బాయ్ పోకెమాన్ గేముల్లో ముందువైపు నుంచి కనిపించే బొమ్మల్లో పెద్దవి 56×56, దీని మీద సరిగ్గా 4 అంగుళాలొస్తాయి. 11 కౌంట్ మీద మూడు పోగులతో 5 అంగుళాలకి కాస్త ఎక్కువ. 18 కౌంట్ మీద ఒకటే పోగుతో 3 అంగుళాల పైచిలుకు, కళ్ళు మాత్రం లాగేస్తాయి. 12×16 మారియో 14 కౌంట్ మీద అంగుళంపావు ఎత్తు కూడా రాడు. ఫ్రేమ్ కోసమైతే పిక్సెల్‌కి నాలుగు కుట్లు వేయండి, కీచైన్‌కైతే ఒకటి చాలు. 8 మీటర్ల లచ్చితో 14 కౌంట్ మీద, వృథా పోను, సుమారు 1800 కుట్లు పడతాయి.

ఐడా దొరక్క మ్యాటీ క్లాత్ (చాపలా గళ్ళుగా నేసిన గుడ్డ) వాడితే ముందు 20 గళ్ళు అడ్డంగా, 20 నిలువుగా కొలవండి. రెండూ సమానంగా లేకపోతే బొమ్మ సాగుతుంది. చిన్న కిటుకు: ఎన్ఈఎస్ పిక్సెల్ పాత టీవీ మీద చదరం కాదు, 8:7 నిష్పత్తిలో అడ్డంగా సాగి ఉండేది. గుడ్డ ఎటు సాగిందో ఆ వైపుని అడ్డంగా పెట్టి కుడితే మారియో అప్పటి టీవీలో కనిపించినట్టే వస్తాడు.

కుట్టేటప్పుడు లేత రంగులు ముందు, నలుపు చివర. ముందే నలుపు వేస్తే దాని నూగు తెల్ల కుట్ల రంధ్రాల్లోకి వస్తుంది. నేపథ్యం ఖాళీగా వదిలినచోట ముదురు దారాన్ని వెనక నుంచి లాక్కెళ్ళొద్దు, ముందుకి నీడలా కనిపిస్తుంది. అక్కడికక్కడే ముగించి, అవతల కొత్తగా మొదలుపెట్టండి.