మందు మాన్పించాలంటే: అందరూ కూర్చోబెట్టి అడగాలా, ఒక్కరే సమయం చూసి చెప్పాలా?

పొద్దున్నే మా అన్నయ్య టీ తాగే తీరు చూస్తే తాగుడు ఎంత ముదిరిందో తెలిసిపోయేది. స్టీలు గ్లాసు ఒక చేత్తో పట్టుకోలేకపోయేవాడు. రెండు చేతులా పట్టుకుని, మోచేతులు బల్లకు ఆనించి, తలే కిందికి వంచి గ్లాసు దగ్గరికి తీసుకెళ్ళేవాడు. అయినా కొంత టీ బల్ల మీద ఒలికేది. వదిన ఏమీ అనకుండా గుడ్డతో తుడిచేసేది. గాజువాకలో వాళ్ళింట్లో రెండు రోజులు ఉండి వచ్చాక నేనే అమ్మకు ఫోన్ చేసి, "ఇక ఊరుకుంటే లాభం లేదమ్మా, అందరం కూర్చుని వాడితో మాట్లాడదాం" అన్నాను.

అప్పటికి మాకు తెలిసిన దారి అదొక్కటే. ఆ తర్వాత వేరే దారులూ చూశాం, కొన్ని మా ఇంట్లో, కొన్ని తెలిసినవాళ్ళ ఇళ్ళలో. ఇప్పుడు కూడా ఎవరో ఒకరు ఇలాంటి ఆదివారం కోసమే చుట్టాలకు ఫోన్లు చేస్తూ ఉంటారు. వాళ్ళ కోసం రాస్తున్నాను.

మా ఆదివారం ఇలా జరిగింది. అన్నయ్య భోజనం చేసి చెయ్యి కడుక్కుని వచ్చేసరికి హాల్లో అందరం ఉన్నాం. "మన ఇంటా వంటా లేని అలవాటు నీకెక్కడిదిరా" అని పెదనాన్న మొదలుపెట్టారు. మావయ్య ఉద్యోగం సంగతి ఎత్తాడు. అన్నయ్యకంటే పదేళ్ళు చిన్నవాడైన వదిన తమ్ముడు "మా అక్క బతుకు నాశనం చేశారు బావా" అనేశాడు. అమ్మ ఏడుస్తోంది. పదో తరగతి చదువుతున్న మా మేనకోడలు తలుపు వెనక నిలబడి అంతా వింటోంది. అన్నయ్య ఒక్క మాట మాట్లాడలేదు. పావుగంట తలవంచుకుని కూర్చుని, లేచి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. రాత్రి పదకొండు దాటాక ఎవరో ఆటో అతను తెచ్చి గేటు దగ్గర దింపాడు.

తర్వాత నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు. అదైనా భరించవచ్చు. అంతకుముందు బయట తాగి వచ్చే మనిషి ఆ రోజు నుంచి ఇంట్లో దాచుకుని తాగడం మొదలుపెట్టాడు. గీజరు వెనక క్వార్టర్ సీసాలు దొరికాయి. మా మీటింగు వల్ల ఒరిగింది అదే.

అలాగని కూర్చోబెట్టి మాట్లాడటమే తప్పు అని నేను అనను. ఆ పద్ధతికి ఒక లెక్క ఉందని తర్వాత తెలిసింది. 1960ల్లో అమెరికాలో వెర్నన్ జాన్సన్ అనే చర్చి ఫాదర్ దాన్ని ఒక క్రమంలో పెట్టారు. ఆయన కూడా తాగుడు నుంచి బయటపడ్డ మనిషే. ఇంటివాళ్ళు ముందుగా కౌన్సిలర్ దగ్గర కూర్చుని, ఎవరు ఏం చెప్పాలో కాగితం మీద రాసుకుని, పైకి చదివి చూసుకోవాలి. తిట్లు, పాత కక్షలు ఉండకూడదు. "ఫలానా రోజు పాపను స్కూలు నుంచి తేవడం మర్చిపోయావు" అన్నట్టు కళ్ళారా చూసిందే చెప్పాలి. ఆస్పత్రిలో బెడ్ ముందుగానే మాట్లాడి ఉంచాలి. ఒప్పుకోకపోతే ఎవరేం చేస్తారో చెప్పాలి, చెప్పింది చేయాలి. మేం ఇందులో ఒక్కటీ చేయలేదు. మాది ఉత్త పంచాయితీ. అన్నయ్య ఆ నిమిషంలో "సరే, పదండి" అని ఉంటే ఎక్కడికి తీసుకెళ్ళాలో మాలో ఒక్కరికీ తెలియదు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

రెండో దారిని నిపుణులు క్రాఫ్ట్ (కమ్యూనిటీ రీఇన్‌ఫోర్స్‌మెంట్ అండ్ ఫ్యామిలీ ట్రైనింగ్) అంటారు, రాబర్ట్ మేయర్స్ అనే సైకాలజిస్టు తయారుచేసిన పద్ధతి. ఇందులో తాగే మనిషిని ఎవరూ నిలదీయరు. అతనితో రోజూ బతికే మనిషికి, మన ఇళ్ళలో చాలావరకు భార్యకో తల్లికో, శిక్షణ ఇస్తారు. ఎప్పుడు మాట్లాడాలి, ఎప్పుడు ఊరుకోవాలి, దేన్ని మోయడం మానెయ్యాలి, తనను తాను ఎలా కాపాడుకోవాలి అన్నవి నేర్పుతారు. 1999లో మేయర్స్, విలియం మిల్లర్ తదితరులు 130 కుటుంబాలను మూడు భాగాలు చేసి పోల్చి చూశారు. క్రాఫ్ట్ నేర్చుకున్న ఇళ్ళలో 64 శాతం మంది తాగేవాళ్ళు వైద్యానికి వచ్చారు. జాన్సన్ పద్ధతి నేర్చుకున్న ఇళ్ళలో 30 శాతం. తాగేవాళ్ళ ఇంటివాళ్ళు కలిసి మాట్లాడుకునే అల్-అనాన్ సంఘాల తరహాలో నడిపిన ఇళ్ళలో 13 శాతం. అల్-అనాన్ సంగతి ఇక్కడ న్యాయంగా చెప్పాలి. అది తాగేవాడిని ఆస్పత్రికి చేర్చడానికి పెట్టింది కాదు, ఇంటివాళ్ళు తమ మనసు నిలబెట్టుకోవడానికి పెట్టింది. ఆ పనికి అది మంచిదే.

ఆ లెక్కల్లో నన్ను ఆపేసిన విషయం ఇంకొకటి ఉంది. జాన్సన్ పద్ధతికి వచ్చిన కుటుంబాల్లో ఎక్కువమంది ఆ కూర్చోబెట్టే రోజు దాకా వెళ్ళనేలేదు. వెళ్ళినవాళ్ళలో చాలామంది సాధించారు. అంటే పద్ధతిలో బలం ఉంది, కానీ మామూలు మనుషులు దాన్ని మోయలేకపోతున్నారు. వాళ్ళు నేర్చుకుని కూడా ఆ రోజుకి జంకారు. మేం ఏమీ నేర్చుకోకుండానే వెళ్ళి కూర్చున్నాం.

మా ఇంట్లో రెండో దారి వదిన పట్టింది. ఒక సైకాలజిస్టు దగ్గరికి అన్నయ్యకు చెప్పకుండా ఒక్కతే వెళ్ళింది. నేను తోడు వెళ్ళినా లోపలికి వెళ్ళలేదు. ఆడపడుచును కదా, నా ముందు అన్నీ చెప్పుకోలేదు. వచ్చాక ఇంట్లో మూడు మార్పులు జరిగాయి.

అన్నయ్య పొద్దుటి షిఫ్టుకి లేవలేని రోజున ఇంచార్జికి ఫోన్ చేసి "జ్వరమండీ" అని చెప్పే పని ఏళ్ళ తరబడి వదినదే. అది మానేసింది. "మీరే చేసి చెప్పండి" అని ఫోన్ తెచ్చి పక్కన పెట్టేది, అంతే. మొదటిసారి ఆయన ఫోన్ పట్టుకుని ఎంతసేపు కూర్చున్నాడో చెబుతూ వదిన ఏడ్చింది. చూస్తూ ఊరుకోవడమే అన్నిటికంటే కష్టమట.

తాగి వచ్చిన రాత్రి గొడవ లేదు, పలకరింపూ లేదు. అన్నం మూతపెట్టి తను కూతురి గదిలో పడుకునేది. తాగని సాయంత్రాలు వారానికి ఒకటో రెండో ఉండేవి. అంతకుముందు ఆ సాయంత్రాల్లోనే పాత లెక్కలన్నీ తీసేది, వినే స్థితిలో ఉన్నాడు కదా అని. అంటే తాగకపోతే తిట్లు, తాగితే నిద్ర! దాన్ని తిరగేసింది. తాగని రోజున ముగ్గురూ అప్పికొండ బీచికి వెళ్ళేవాళ్ళు, లేదంటే ఇంట్లోనే బజ్జీలు వేసుకుని కబుర్లు చెప్పుకునేవాళ్ళు.

ఇక మూడోది, సమయం కోసం కాచుకోవడం. ఒక రాత్రి అన్నయ్య స్కూటర్ మీంచి పడ్డాడు. మోకాలు, అరచెయ్యి చెక్కుకుపోయాయి. వదిన ఆ రాత్రి ఏమీ అనలేదు. తెల్లారాక, మత్తు దిగి, దెబ్బ మంట తెలుస్తున్నప్పుడు, దూదితో కడుగుతూ నాలుగు మాటలు చెప్పింది. "రాత్రి మీరు వచ్చేదాకా పాప గేటు దగ్గరే కూర్చుంది. నాకు భయమేస్తోందండీ. పదింటికి డాక్టరు గారు ఉంటారు. నేనూ వస్తాను, మీ పక్కనే కూర్చుంటాను."

అన్నయ్య చాలాసేపు ఊరుకుని ఒక్కటే అడిగాడట, "కట్టేస్తారా?" అని.

"కట్టరు. నేను ముందే వెళ్ళి అడిగి వచ్చాను" అంది వదిన. బట్టల బ్యాగు, ఆధార్ కార్డు, పాత రిపోర్టులు రెండు నెలలుగా బీరువాలో సిద్ధంగా ఉన్నాయి. అన్నయ్య ఆ పూటే వెళ్ళాడు. ఆ "కట్టేస్తారా" అన్న మాట మేం ఏడుగురం కలిసి కూడా రాబట్టలేకపోయాం. ఇన్నేళ్ళూ ఆయన మొండితనం అనుకున్నాం. భయమని వదిన ఒక్కతే కనిపెట్టింది.

చాలామంది పట్టే మూడో దారి, మనుషుల్ని పంపి మందు మాన్పించే సెంటరుకి ఎత్తుకెళ్ళడం. మాకు తెలిసిన ఒకాయనను రాత్రి పూట నలుగురు వచ్చి వ్యాన్‌లో వేసుకుని వెళ్ళారు. అక్కడ రోజూ చూసే డాక్టరు లేడు. మూడు నెలల తర్వాత తిరిగొచ్చిన ఆయన నెలలోపే మళ్ళీ మొదలుపెట్టాడు, భార్యను మాత్రం ఈ రోజుకీ నమ్మడు. మన చట్టం కూడా దీన్ని ఒప్పుకోదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కిందికి మద్యం, మత్తు పదార్థాల వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా వస్తాయి. మనిషి తన ప్రాణానికో, ఎదుటివాళ్ళ ప్రాణానికో ప్రమాదంగా మారినప్పుడు, లేదా తనను తాను చూసుకోలేని స్థితిలో ఉన్నప్పుడు, సెక్షన్ 89 కింద అతని ఇష్టం లేకపోయినా చేర్చుకోవచ్చు. దానికి ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, అందులో ఒకరు సైకియాట్రిస్టు అయి ఉండాలి. మొదట 30 రోజులకు మించి ఉంచకూడదు. గొలుసులతో కట్టడం నేరం. చేర్చే చోటుకి ఈ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. చూపించడానికి జంకితే వెనక్కి వచ్చేయండి.

ఫిట్స్ వచ్చినా, లేనివి కనపడి మాట్లాడుతున్నా, చచ్చిపోతానంటున్నా వదినలా నెలలు కాచుకునే వ్యవధి ఉండదు. 108కి ఫోన్ చేసి పెద్దాస్పత్రికి తీసుకెళ్ళడమే. చెయ్యి చేసుకునే మనిషైతే ఈ మెత్తటి దారిని భార్య నెత్తిన పెట్టకండి. ముందు ఆమె, పిల్లలు క్షేమంగా ఉండే చోటు చూడాలి. 112, 181 నంబర్లు ఉన్నాయి.

మన దగ్గర మాల సంగతి కూడా ఉంది. కార్తీకం వస్తే ఎందరో అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టరు. మా అన్నయ్య కూడా రెండుసార్లు వేసుకున్నాడు, నిష్ఠగా ఉన్నాడు. ఆ నమ్మకం మీద నాకు గౌరవం ఉంది, "నేను ఉండగలను" అని ఆయనకు తెలిసింది మాల వల్లే. కానీ రోజూ తాగే మనిషి ఉన్నపళంగా ఆపేస్తే కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు, మూడు రోజులకు కొందరికి మతి తప్పుతుంది, అది ప్రాణం మీదికి తెచ్చే స్థితి. పిల్ల తల మీద ఒట్టు వేయించుకున్నా ఇదే ప్రమాదం. అందుకే మాలకు ముందు డాక్టరును కలవండి. వణుకు, ఫిట్స్ రాకుండా మందులు, బి1 విటమిన్ ఇస్తారు. దీక్షకు అది అడ్డు కాదు.

అన్నంలో తెలియకుండా మాత్ర కలపడం మాత్రం వద్దే వద్దు. డైసల్ఫిరామ్ అనే మాత్ర మీద మద్యం పడితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండె జబ్బు ఉంటే మనిషే దక్కకపోవచ్చు. అది తెలిసి, ఒప్పుకుని, డాక్టరు పర్యవేక్షణలో వేసుకోవాల్సిన మాత్ర.

ఇక ఏది మేలంటే, ప్రాణాపాయం, కొట్టడం లేని ఇంట్లో ముందు వదిన పట్టిన దారే పట్టండి. కొన్ని నెలలు గడిచినా కదలిక లేకపోతే అప్పుడు కూర్చోబెట్టండి. ముగ్గురు చాలు, అతను గౌరవించే మనుషులు, పొద్దుటి పూట, కాగితం చేతిలో పెట్టుకుని. కోపం అణచుకోలేని బంధువు ఎంత దగ్గరివాడైనా పిలవకండి. పిల్లల్ని ఆ గదికి దూరంగా ఉంచండి. ఏ దారైనా బ్యాగు, డాక్టరు, సెలవు, ఆస్పత్రిలో తోడుండే మనిషి ముందే సిద్ధం కావాలి, ఎందుకంటే "సరే" అన్న మాట ఆ పూట దాటితే ఉండదు. 2019లో వెలువడిన ఎయిమ్స్ జాతీయ సర్వేలో మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరే ఏదో ఒక వైద్యం అందిందని చెప్పారు. మిగతా 37 మందిలో ఎందరు ఏదో ఒక పొద్దున్న "సరే" అని ఉంటారో.

విశాఖలో డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్ళకు చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. "పిచ్చాసుపత్రి" అన్న పేరుకు భయపడి ఆగిపోయేవాళ్ళను చూశాను. ముందు మీరొక్కరే వెళ్ళి రండి, ఓపీలో ఎలా ఉంటుందో చూస్తే ఇంట్లో ధైర్యంగా చెప్పగలుగుతారు. ఎక్కడికి వెళ్ళినా "ఆయన రాకపోయినా నాతో మాట్లాడతారా?" అని అడగండి. వెళ్ళలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్‌కి, 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. మత్తు అలవాట్ల కోసమే ఉన్న నంబరు 14446.

అన్నయ్య పది నెలలు ముట్టలేదు. తర్వాత ఒక పెళ్ళిలో తాగాడు. మర్నాడు అమ్మ నాకు ఫోన్ చేసి "మళ్ళీ అందరం కూర్చుందామా" అంది. వద్దన్నాను. అప్పటికే వదిన, అన్నయ్య ఆటోలో ఉన్నారు, అదే డాక్టరు దగ్గరికి వెళ్తూ.